దిగుడుకు లెక్కేదీ?

మంచు కరిగి ఏప్రిల్ ముదిరిందంటే చాలు, షామ్‌బర్గ్‌లో ఏ తెలుగువారి విందుకు వెళ్లినా ఓ మూల ట్రైలర్ల ముచ్చట నడుస్తూ ఉంటుంది. ఎవరో కొత్తగా పికప్ కొని ఉంటారు. దాని వెనక తగిలించడానికి 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ చూసి వచ్చి ఉంటారు. పిల్లలకు సెలవులిచ్చాక ఎల్లోస్టోన్‌కో కొలరాడోకో ప్రయాణం. ప్లేట్లో బిర్యానీ చల్లారేలోపు సలహాలు వేడివేడిగా వచ్చి పడతాయి. "నీ బండి 11 వేల పౌండ్లు లాగుతుంది గురూ, ఆరున్నర వేల ట్రైలర్ దానికో లెక్కా?" అంటాడొకడు. "కొండల్లో కూడానా?" అని ఇంటావిడ అనుమానంగా అడిగితే, "ఎక్కడమే వదినా కష్టం. ఎక్కేశాక దిగడం ఎంతసేపు? బ్రేకులున్నాయిగా!" అని నవ్వేస్తాడు ఇంకొకడు. అందరూ నవ్వుతారు. మాట ఏ ట్రైలర్‌లో బాత్రూమ్ పెద్దదన్న దాని మీదికి మళ్లుతుంది.

ఆ నవ్వు మీదే నా పేచీ. "లాగగలిగితే చాలు" అన్న నమ్మకం మనవాళ్లలో వేదవాక్కులా పాతుకుపోయింది. అమ్మేవాళ్లు అదే చెబుతారు, కొన్నవాళ్లు అదే చెబుతారు, రెండు వీడియోలు చూసినవాళ్లూ అదే చెబుతారు. నా వాదన సూటిగా చెప్పేస్తాను. కొండదారిలో ట్రైలర్‌కు అసలు పరీక్ష దిగుడు. ఎక్కలేని బండి ఆగిపోతుంది, లేదా ఇంజన్ వేడెక్కి ఎర్రదీపం వెలుగుతుంది. పక్కకు తీసి నిలబెడితే పరువు పోతుందేమో గాని ప్రాణం పోదు. దిగలేని బండి ఆగదు. అయినా కొనే ముందు మనం వేసే లెక్కలన్నీ ఎక్కుడువే. దిగుడు లెక్క ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఈ నమ్మకం ఇక్కడే ఇంతగా ఎందుకు బలిసిందో ఊహించడం కష్టం కాదు. మనం ఉండేది బల్లపరుపు నేల. ఇల్లినాయ్ రాష్ట్రం మొత్తానికీ ఎత్తైన చోటు విస్కాన్సిన్ సరిహద్దున ఉన్న చార్ల్స్ మౌండ్. దాని ఎత్తు 1,235 అడుగులే. షామ్‌బర్గ్‌లో మనకు రోజూ ఎదురయ్యే వాలు ఏ పార్కింగ్ గ్యారేజీ ర్యాంపో, ఏ ఫ్రీవే బ్రిడ్జో. ట్రావెల్ ట్రైలర్లకు పుట్టిల్లుగా పేరుపడిన ఎల్క్‌హార్ట్ మనకు తూర్పున, ఇండియానాలో ఉంది. అదీ చదును నేలే. చదును నేల మీద తయారై చదును నేల మీదే అమ్ముడైన ట్రైలర్‌ను, కొన్నాయన ఓ ఆదివారం ఖాళీ పార్కింగ్ లాట్‌లో వెనక్కి తిప్పడం నేర్చుకుంటాడు. అక్కడితో చదువు పూర్తి. మామూలు కుటుంబ ట్రైలర్ లాగడానికి ఈ రాష్ట్రంలో మామూలు కారు లైసెన్సు చాలు. కరోనా తర్వాత జనం ఇలాంటి ట్రైలర్ల మీద, ఇల్లు లాంటి బండ్ల మీద, అంటే ఆర్‌వీల మీద పడ్డారు. ఒక్క 2021లోనే అమెరికాలో తయారీదారులు 6 లక్షలకు పైగా బండ్లు అమ్మకానికి పంపారు. వాటిని కొన్నవాళ్లలో ఎందరో మొదటిసారి వెనక బరువు కట్టుకున్నవాళ్లు. వాళ్లకు మొదటి పరీక్ష పెట్టేది కొండే.

ఆ కొండ ఎంతో దూరంలో లేదు కూడా. మన ఊరి మీదుగా పోయే ఐ-90 ఎక్కి పడమటికి పోతూ ఉంటే, అదే రోడ్డు విస్కాన్సిన్, మిన్నెసోటా, సౌత్ డకోటా దాటించి వయోమింగ్‌లో బిగ్‌హార్న్ కొండల పాదాల దగ్గర మనల్ని వదులుతుంది. ఎల్లోస్టోన్ వైపు అడ్డదారిన పోవాలంటే ఆ కొండలు దాటాలి. యూఎస్-16 మీద పౌడర్ రివర్ పాస్ ఎత్తు 9,666 అడుగులు. ఉత్తరాన ఉన్న యూఎస్-14ఏ లొవెల్ వైపు దిగే చోట వాలు 10 శాతం. అంటే వంద అడుగులు ముందుకు పోతే పది అడుగులు కిందికి. కొలరాడో వెళ్లేవాళ్లది ఇంకో సరదా. ఆఫీసుకు పోయే ఐ-290ని ఇక్కడ ఐసెన్‌హోవర్ అంటాం. డెన్వర్ దాటాక ఐ-70 మీద ఐసెన్‌హోవర్ అంటే 11,158 అడుగుల ఎత్తున కొండను తొలిచిన సొరంగం. దాన్ని దాటి సిల్వర్‌థోర్న్ వైపు దిగే వాలు 7 శాతం. ఇక్కడి ఐసెన్‌హోవర్ మీద ట్రాఫిక్‌లో నేర్చుకున్న బ్రేకు విద్య అక్కడి ఐసెన్‌హోవర్ అవతల పనికిరాదు.

ముందు ఆ "11 వేల పౌండ్ల" సంగతి చూద్దాం. లాగే సామర్థ్యం అని ప్రకటనల్లో వేసే అంకె గాలిలోంచి పుట్టింది కాదు. దానికి ఎస్‌ఏఈ జే2807 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చేసే పరీక్షల్లో బాగా పేరున్నది అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు. మండుటెండలో, ఏసీ వేసుకుని, బరువు కట్టుకుని, సుమారు 3 వేల అడుగుల ఎత్తును తగిన వేగం తగ్గకుండా ఎక్కాలి. మంచి పరీక్షే, కాదనను. ఆపడానికీ, అదుపుకీ కూడా అందులో పరీక్షలున్నాయి. కానీ కంపెనీలు గొప్పగా చెప్పుకునేదీ, మన నోళ్లలో నానేదీ ఆ ఎక్కుడు గొప్పే. పైగా ఆ పరీక్షలో బండిలో ఉన్నట్టు లెక్కవేసే మనుషులు ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మన కుటుంబాలు ఇద్దరితో ఎప్పుడైనా ఎల్లోస్టోన్ వెళ్లాయా? ఇండియా నుంచి వచ్చిన నాన్ననో అత్తగారినో ఇంట్లో వదిలేసి వెళ్తామా?

కాబట్టి చూడవలసిన అంకె ప్రకటనలో లేదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన అంటించిన పసుపు, తెలుపు చీటీ మీద ఉంది. మనుషులూ సామానూ కలిపి ఈ బరువు దాటకూడదని అందులో రాసి ఉంటుంది. అదే పేలోడ్. సామాన్య కుటుంబం కొనే పికప్‌కు అది 1,500 పౌండ్లు అనుకుందాం. ట్రైలర్ బరువు 6,500 పౌండ్లయితే, దాని ముక్కు హిచ్ మీద మోపే భారం పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి. మధ్యస్తంగా 800 పౌండ్లు వేసుకోండి. బరువు పంచే హిచ్ సామగ్రి ఇంకో 100. ఇక మిగిలింది 600. ఆలుమగలు 320, ఇద్దరు పిల్లలు 150, నాన్న 160. మొత్తం 630. లెక్క అప్పుడే దాటిపోయింది. ఇంకా ఐస్ పెట్టె ఎక్కలేదు, బియ్యం బస్తా ఎక్కలేదు, ఆవకాయ జాడీ ఎక్కలేదు. బరువు పంచే హిచ్ ఆ భారాన్ని ముందు ఇరుసుకూ ట్రైలర్ ఇరుసులకూ కొంత సర్దుతుంది గాని మాయం చెయ్యదు. లాగే సామర్థ్యంలో ఇంకా 4,500 పౌండ్ల జాగా ఉందని మురిసిపోతున్న ఈ బండి, మోసే సామర్థ్యంలో అప్పటికే దివాలా తీసింది.

ట్రైలర్ బరువు అని మనకు చెప్పేది కూడా చాలాసార్లు ఖాళీ బరువే. అందులో నీళ్లుండవు, గ్యాసుండదు, గిన్నెలుండవు. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు తూగుతాయి. 40 గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు పెరిగినట్టే. ఎక్కడ సర్దామన్నది కూడా ఎంత సర్దామన్నంత ముఖ్యం. ముక్కు బరువు తగ్గిద్దామని సామానంతా ట్రైలర్ వెనక్కి తోసేవాళ్లను చూశాను. ఎడ్లబండి కట్టిన ఇంట్లో పుట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ఎద్దు మెడకు తాడు బిగుసుకుంటుంది, బండి మాట వినదు. ట్రైలర్‌దీ అదే తంతు. వెనక బరువైన ట్రైలర్ ఓ గాలివిసురుకో, పక్కనుంచి దూసుకుపోయే లారీకో తోక ఊపడం మొదలుపెడుతుంది. వాలులో వెనకనుంచి తోసే బరువు తోడై ఆ ఊపు మరీ పెరుగుతుంది. అప్పుడు భయంతో కాలు బ్రేకు మీద గట్టిగా వేస్తే ముందుబండి తగ్గుతుంది, వెనకబండి నెడుతుంది. చెయ్యాల్సింది వేరు. గ్యాసు మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీది మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వెయ్యాలి. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్లే అలవాటు ఇంటి ముందు వీధిలోనే రావాలి.

ఇక అసలు విషయం, దిగుడు. బండి, ట్రైలర్, మనుషులు కలిసి 12 వేల పౌండ్లు అనుకుందాం. 6 శాతం వాలులో వరసగా 10 మైళ్లు దిగితే మనం కోల్పోయే ఎత్తు సుమారు 3,170 అడుగులు. ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తి ఎక్కడికీ పోదు, ఏదో ఒక రూపంలో బయటికి రావాలి. లెక్క కడితే అది ఇదే బండిని గంటకు 60 మైళ్ల వేగం నుంచి సున్నాకు పాతిక సార్లు పైగా ఆపినదానితో సమానం. ఇంకోలా చెప్పాలంటే, కుళాయి కింద పట్టిన నూట యాభై లీటర్ల నీళ్లను తెర్లించేంత వేడి. కొంత గాలి మింగుతుంది, కొంత టైర్లు మింగుతాయి. మిగతాది మింగగలిగేవి రెండే ఉన్నాయి: ఇంజన్, బ్రేకులు. ఇంజన్‌కు రేడియేటర్ ఉంది, ఫ్యాను ఉంది, గంటలకొద్దీ వేడి విసర్జించడం దాని వృత్తి. బ్రేకులు అలా కాదు. చక్రం లోపల ఇరుక్కున్న ఓ డిస్కు, కాసిన్ని ప్యాడ్లు. ఒకసారి ఆపడానికి తయారైనవి. పది మైళ్లు అదే పనిగా వేడి మింగమంటే ప్యాడ్లు పట్టు వదులుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకునే రకం. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది. కాలికింద పెడల్ నేల తాకుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది.

"బ్రేకులున్నాయిగా!" అన్న మాటకు ఇదే నా జవాబు. బ్రేకులున్నాయి. అవి దాచుకోవాల్సిన సొమ్ము. వాలు మొదట్లోనే ఖర్చు పెట్టేస్తే చివరి మలుపు దగ్గర చేతిలో ఏమీ ఉండదు.

ఈ జ్ఞానం నాకు పుస్తకంలో రాలేదు. మా నాన్న సాలూరులో లారీ డ్రైవరు. ఘాట్ ఎక్కి కోరాపుట్ పోయి, అదే ఘాట్ దిగి ఇల్లు చేరిన మనిషి. రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చినప్పుడు ట్రైలర్ కట్టుకుని కొలరాడో తీసుకెళ్లాను. ఐసెన్‌హోవర్ సొరంగం దాకా ఎక్కేటప్పుడు నా ఇంజన్ గొప్ప చెబుతూ ఉన్నాను, ఆయన వింటూ ఉన్నాడు. దిగడం మొదలయ్యాక రెండు మైళ్లకు ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఏటిరా ఈ వాసన?"

"ఏం వాసన నాన్నా?"

"లైనింగు కాలతంది. ఏ గేర్లో ఉన్నావు?"

"ఆటోమేటిక్ నాన్నా, అదే చూసుకుంటుంది."

"ఆటోమేటిక్ అయితే గేర్లు లేవా?"

ఉన్నాయి. పది ఉన్నాయి. ఒక్కటీ నేను వాడుకోలేదు. పెడల్ మీద కాలు సన్నగా ఆనించి, రెండు మైళ్లుగా బ్రేకులను పెనం మీద పెట్టినట్టు కాలుస్తూ వచ్చాను. ఆయన చెప్పినట్టు బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి, గేరు చేత్తో కిందికి దించాను. ఇంజన్ గుర్రుమంది. నాకు భయమేసింది. "అరవనీ. అది అరిస్తే మనం బతుకుతాం" అన్నాడాయన. సిల్వర్‌థోర్న్‌లో ఆపి గంటసేపు చక్రాలు చల్లారే దాకా కూర్చున్నాం. తప్పు బండిది కాదు, అమ్మినవాళ్లది కాదు. పూర్తిగా నాది. ఎక్కుడు లెక్క వేసి దిగుడు లెక్క మరిచిన తప్పు.

ఇంజన్ అరిస్తే పాడైపోతుందన్న భయం మనవాళ్లలో చాలామందికి ఉంది. గ్యాసు మీద కాలు లేకుండా, మీటర్ మీది ఎర్రగీత దాటకుండా 4 వేల చుట్లు తిరిగితే ఇంజన్‌కు ఏ నష్టమూ లేదు. దీనికి అన్నలాంటి ఇంకో భ్రమ దేశం నుంచి మోసుకొచ్చాం: దిగుడులో న్యూట్రల్‌లో వేస్తే ఆయిలు మిగులుతుందని. అది కూడా తప్పే. నేటి పెట్రోల్ ఇంజన్లలో గేరులో ఉండి, గ్యాసు మీద కాలు లేకుండా వాలు దిగుతుంటే కంప్యూటర్ పెట్రోల్ సరఫరాను ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోల్ తాగుతుంది. అంటే న్యూట్రల్‌లో దిగేవాడు ఎక్కువ పెట్రోల్ కాల్చి, తక్కువ అదుపు కొనుక్కుంటున్నాడు. వాలులో న్యూట్రల్‌లో జారడాన్ని ఇల్లినాయ్ వాహన చట్టం నిషేధించింది కూడా. కొండలే లేని రాష్ట్రానికి తెలిసిన సంగతి కొండలెక్కబోయే మనకు తెలియకపోతే ఎలా?

ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అన్నది పాత లారీ సూత్రం. అమెరికాలో లారీ లైసెన్సు కోసం చదివే పుస్తకం దీనికి ఓ సవరణ చెబుతుంది. పాత లారీలకు ఆ సూత్రం సరిపోయేది. కొత్త బండ్లకు ఇంజన్ బలం పెరిగింది, గాలి ఒరిపిడీ లోపలి రాపిడీ తగ్గాయి. కాబట్టి ఎక్కిన గేరు కన్నా ఇంకా కింది గేరులో దిగాల్సి రావచ్చు. జాగ్రత్తగా వినండి. బండి ఎంత బలంగా ఎక్కగలిగితే, దిగేటప్పుడు మనం అంత ఎక్కువ జాగ్రత్తపడాలి. "పెద్ద ఇంజన్ ఉంది కాబట్టి భయం లేదు" అన్న వాదనను ఆ ఒక్క సవరణే తలకిందులు చేస్తుంది. బ్రేకు వాడే పద్ధతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. 40 మైళ్లు సురక్షిత వేగం అనుకుంటే, 40కి చేరగానే మూడు సెకన్లపాటు గట్టిగా నొక్కి 35కి దించు, పూర్తిగా వదులు, మళ్లీ 40 వచ్చినప్పుడు మళ్లీ నొక్కు. గేరు తగ్గించేది వాలులో సగం దిగాక కాదు, శిఖరం మీద, దిగడం మొదలుపెట్టకముందే.

దిగుడుదే పెద్దపీట అన్నది నా సొంత కవిత్వం కాదని చెప్పడానికి రెండు కొండలు చాలు. కొలరాడోలో పైక్స్ పీక్ దారిన దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర సిబ్బంది బండి ఆపి బ్రేకుల వేడి చూస్తారు. ఎక్కువగా ఉంటే చల్లారే దాకా కదలనివ్వరు. ఎక్కేటప్పుడు ఎవరూ అలా ఆపరు. రెండో కొండ మన తిరుమల. అక్కడ గేటు దగ్గర ఇచ్చే చీటీ మీద బయలుదేరిన సమయం పడుతుంది. ఎక్కడానికి 28 నిమిషాల కన్నా ముందు, దిగడానికి 40 నిమిషాల కన్నా ముందు చేరారంటే అతివేగం కింద లెక్క. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు, మలుపులెక్కువ, నిజమే. అయినా దిగేవాడికి ఎక్కువ నిమిషాలు ఎందుకు కావాలో కొండ మీద పనిచేసేవాళ్లకు తెలుసు. వెంకన్న కొండ మీద ఈ నియమానికి తలవంచినవాళ్లమే రాకీ పర్వతాల్లో మాత్రం "దిగడం ఎంతసేపు?" అంటున్నాం.

ఎంతసేపో 2018 సెప్టెంబర్ 11న కొండగట్టులో చూశాం. అంజన్న గుడి కొండ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారు. కొలరాడోలో 2019 ఏప్రిల్ 25న కలప లోడుతో ఐ-70 దిగుతున్న లారీకి బ్రేకులు పోయాయి. బ్రేకులు పోయిన బండ్లను కంకరలో ఆపే ఎస్కేప్ ర్యాంపును దాటి వచ్చేసి, లేక్‌వుడ్ దగ్గర ఆగి ఉన్న ట్రాఫిక్‌ను గుద్దింది. నలుగురు చనిపోయారు. రెండు చోట్లా బరువుంది, వాలుంది, ఎక్కుడు లేదు.

ఇప్పుడు అవతలివాళ్ల జవాబులు విందాం. మొదటిది: "అవి బస్సులు, లారీలు. మనవి చిన్న బండ్లు." నిజమే, మన బరువు తక్కువ. మన బ్రేకులూ చిన్నవే. లారీ డ్రైవర్ పరీక్ష రాసి వచ్చాడు. బ్రేకులు చూసుకోవడం అతనికి ఉద్యోగం. మనం సోమవారం స్టాండప్ మీటింగు అందుకోవాలన్న తొందరలో కొండ దిగుతున్నవాళ్లం. చిన్న బండి అన్నది ఊరట కాదు.

రెండోది: "మేం మూడుసార్లు వెళ్లొచ్చాం, ఏమీ కాలేదు." కొండగట్టు మీంచి అంతకుముందూ బస్సులు దిగాయి, ఏమీ కాలేదు. చల్లని ఉదయం, ముందు ఎవరూ లేని రోడ్డు, కొత్త ప్యాడ్లు ఉంటే తప్పుడు పద్ధతి కూడా గట్టెక్కిస్తుంది. మధ్యాహ్నపుటెండలో, అరిగిన ప్యాడ్లతో, మలుపు తిరగగానే ఎదుట ఆగిపోయిన ట్రాఫిక్ కనపడిన రోజు పద్ధతి అవసరమవుతుంది. ఆ రోజు ఏదో ముందే తెలియదు.

మూడోది కాస్త బరువైన వాదన: "కొత్త బండ్లు అన్నీ వాటంతటవే చూసుకుంటాయి." ఇందులో నిజముంది, ఒప్పుకుంటాను. బరువు లాగేటప్పుడు గేర్లను అందుకు తగ్గట్టు మార్చే టో-హాల్ మోడ్ మంచి సాధనం. బ్రేకు ఒకసారి తాకితే చాలా బండ్లు గేరు వాటంతటవే దించుతాయి. ఊపును పసిగట్టి ఆపే వ్యవస్థలూ వచ్చాయి. కానీ ఆ మోడ్ బటన్ నొక్కాల్సింది మనిషే. ఎలక్ట్రిక్ కార్లవారు బ్రేకు పనంతా మోటారే చేస్తుందని ధీమాగా ఉంటారు. మోటారు పట్టిన శక్తి బ్యాటరీలోకి పోవాలి కదా! కొండ మీద హోటల్లో రాత్రంతా చార్జి పెట్టి, నిండు బ్యాటరీతో ఉదయాన్నే దిగడం మొదలుపెడితే ఆ శక్తికి చోటుండదు. అప్పుడు భారమంతా మళ్లీ ఆ పాత ప్యాడ్ల మీదే. యంత్రం ఎంత తెలివైనదైనా, ఎత్తులో ఉన్న బరువుకు అది మినహాయింపు ఇవ్వలేదు.

నాలుగోది ఎవరూ బయటికి అనరు, అందరూ మనసులో అనుకుంటారు: నెమ్మదిగా పోతే వెనకవాళ్లు హారన్ కొడతారు, నామర్దా. నాకు తెలిసి తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు ఇక్కడే పుడుతుంది. కుడి వరసలో, హజార్డ్ లైట్లు వేసుకుని 35లో దిగే లారీల వెనక చేరండి. రోజూ ఆ కొండ దిగేవాళ్లు వాళ్లు. వాళ్లకు లేని నామర్దా మనకెందుకు? ఎస్కేప్ ర్యాంపు మీద కూడా ఇలాంటి సిగ్గే అడ్డొస్తుంది. కంకరలో కూరుకుపోతే ట్రైలర్ దెబ్బతింటుంది, టో బిల్లు వస్తుంది, పరువు పోతుంది. ఆ మూడూ మళ్లీ సంపాదించుకోవచ్చు. ఐసెన్‌హోవర్ సొరంగం దిగువన అలాంటి ర్యాంపులు రెండున్నాయి. అవి లారీలకే కాదు, బ్రేకులు పోయిన ఎవరికైనా.

ఇంత చెప్పి, ట్రైలర్ కొనొద్దని నేననను. ఆ కొలరాడో ప్రయాణంలోనే మా పిల్లలు తాతయ్యతో ఆకాశం నిండా చుక్కలు చూశారు. షామ్‌బర్గ్‌లో వీధి దీపాల కింద అవి దొరకవు. నేననేది ఒక్కటే. బయలుదేరే ముందు దిగుడు లెక్క వెయ్యండి. అందుకు పెద్ద ఖర్చూ లేదు. కొలరాడో దారిలో ఐ-88 మీదుగా ఐ-80 ఎక్కితే, అయోవాలో అడుగుపెట్టిన కాసేపటికే వాల్కాట్ దగ్గర లారీవాళ్ల మహానగరం లాంటి ట్రక్ స్టాప్ వస్తుంది. అక్కడ క్యాట్ స్కేల్ అనే లారీల తూకం మీద మనుషులతో, నీళ్లతో, సామానుతో సహా ఎక్కి తూకం వేయించుకోండి. ఓ కుటుంబం పిజ్జా ఖర్చులో అయిపోతుంది. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత, ట్రైలర్ ఇరుసుల మీద ఎంత అన్నది కాగితం మీద వస్తుంది. ఇంకా మంచిది, ఇల్లు కదలకముందే దగ్గర్లో ఉన్న తూకం దగ్గరికి వెళ్లడం. అప్పుడైతే ఎక్కువైన సామాను ఇంట్లో దింపే వీలుంటుంది. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూసుకోండి. ట్రైలర్ బ్రేకులు ఒంటరిగా పట్టుకుంటున్నాయో లేదో నెమ్మదిగా పోతూ బ్రేక్ కంట్రోలర్ మీటతో పరీక్షించండి. బండిని మాన్యువల్ గేర్లలో నడపడం ఐ-90 మీదే, కొండలు లేనప్పుడే అలవాటు చేసుకోండి. బిగ్‌హార్న్ కొండలు దాటేటప్పుడు యూఎస్-14ఏ వదిలి, కాస్త నెమ్మదస్తురాలైన యూఎస్-16 పట్టుకోండి.

వచ్చే విందులో ఎవరైనా "నీ బండి ఎంత లాగుతుంది?" అని అడిగితే అంకె చెప్పకండి. డ్రైవర్ తలుపు పక్కన ఉన్న చీటీ ఫొటో, తూకం కాగితం రెండూ తీసి చూపించి, "నీవి చూపించు" అనండి.